గుంటూరు నుంచి పోర్ట్ క్లాంగ్‌కు తొలి మిర్చి కంటైనర్: సీఐఎఫ్ అంటే నా బాధ్యత ఎక్కడిదాకా?

ప్రశ్న: యార్డు_గుంటూరు

అందరికీ నమస్కారం. మా కుటుంబం రెండు తరాలుగా గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తోంది. ఇన్నాళ్లూ ఎగుమతిదారులకు సరుకు కొనిపెట్టడం వరకే మా పని కాబట్టి, టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డు గేటు దాటాక వాటి సంగతి మేము పట్టించుకోవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు మా పేరు మీదే ఐఈసీ (ఎగుమతి, దిగుమతుల కోడ్), స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ వచ్చాయి. మలేసియాలోని ఒక కొనుగోలుదారు తొడిమ తీసిన తేజ రకం మిర్చిని 25 కిలోల బస్తాల్లో, నొక్కి కట్టించి, ఒక 40 అడుగుల హైక్యూబ్ కంటైనర్‌లో 1,000 బస్తాలు పంపమని అడుగుతున్నారు. ధర సీఐఎఫ్ (సరుకు, బీమా, ఓడ కిరాయి కలిపి) పోర్ట్ క్లాంగ్, చెల్లింపు ఎట్ సైట్ ఎల్‌సీ (సరైన పత్రాలు చూపగానే డబ్బిస్తానన్న బ్యాంకు హామీ) అన్నది వారి ప్రతిపాదన.

వారు పంపిన ఒప్పందం ముసాయిదాలో "తూకం, నాణ్యత పోర్ట్ క్లాంగ్‌లో సరుకు దింపాక చూసిందే తుది లెక్క" అని ఒక వాక్యం ఉంది. ఇదేమిటని అడిగితే, సీఐఎఫ్ అన్నాక ఆ రేవు చేరేదాకా బాధ్యత మీదే కదా అన్నారు. మా ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు) మాత్రం సీఐఎఫ్‌లో నా బాధ్యత సరుకు ఓడ ఎక్కే చెన్నైలోనే తీరిపోతుందంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

ఇంకా రెండు సందేహాలున్నాయి. ఫార్వర్డర్ ఇచ్చిన కొటేషన్‌లో ఓషన్ ఫ్రైట్ కాకుండా టీహెచ్‌సీ, బీఎల్ (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ సంస్థ ఇచ్చే సరుకు పత్రం) ఛార్జీ, సీల్, వీజీఎం, డెస్టినేషన్ ఫ్రీ డేస్ అంటూ చాలా పద్దులు ఉన్నాయి. వాటిలో ఏది ఎవరి ఖాతాలోకి వస్తుందో నాకు స్పష్టత లేదు. ఎల్‌సీ ముసాయిదాలో మూడు ఒరిజినల్ బీఎల్‌లు అడిగిన కొనుగోలుదారే, సరుకు త్వరగా విడిపించుకోవడానికి టెలెక్స్ రిలీజ్ చేయించమని ఫోన్‌లో చెబుతున్నారు. అలా చేయవచ్చా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

జవాబు 1: కాకినాడ_ఎగుమతులు

యార్డు గారూ, మీ ఫార్వర్డర్ చెప్పిందే సరైన మాట. అయితే ఆ ముసాయిదాపై మీరు సంతకం చేస్తే ఆయన మాట మీకు అక్కరకు రాదు. ఎందుకో చెబుతాను.

సీఐఎఫ్ వంటి ఈ షరతులను ఇన్‌కోటర్మ్స్ అంటారు. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి వీటిని 1936లో తొలిసారి వెలువరించింది, ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 కూర్పు. అందులో 11 షరతులున్నాయి. ప్రతి షరతూ రెండు వేర్వేరు విషయాలు తేలుస్తుంది: ఖర్చు ఎంతవరకు అమ్మకందారుది, నష్టభయం ఎంతవరకు అమ్మకందారుది. ఎఫ్‌ఓబీలో ఈ రెండూ ఒకేచోట, అంటే సరుకు ఓడలోకి ఎక్కిన చోట, ఆగుతాయి. సీఐఎఫ్‌లో మాత్రం విడిపోతాయి. పోర్ట్ క్లాంగ్ దాకా ఓడ కిరాయి, బీమా ప్రీమియం మీరు కట్టాలి. కానీ చెన్నైలో కంటైనర్ ఓడ మీదికి చేరిన క్షణం నుంచి సరుకుకు ఏం జరిగినా నష్టం కొనుగోలుదారుదే. మీరు కొనిచ్చిన బీమా పాలసీ కూడా ఆయన కోసమే, క్లెయిము పెట్టుకునేదీ ఆయనే. కిరాయి కట్టినవారిదే బాధ్యత అనుకోవడం వల్లనే ఈ షరతు మీద ఇన్ని తగాదాలు వస్తున్నాయి.

అందుకే ఆ "దింపాక చూసిందే తుది లెక్క" అనే వాక్యం ప్రమాదకరమైనది. పేరుకు సీఐఎఫ్ అని రాసి, ఆ ఒక్క వాక్యంతో సముద్ర ప్రయాణంలో వచ్చే తరుగు, రంగు మారడం, బూజు అన్నీ మళ్లీ మీ నెత్తిన పెడుతున్నారు. ఎండుమిర్చి దారిలో తేమ కోల్పోతే తూకం తగ్గుతుంది, కంటైనర్ లోపల తేమ పడితే తాలు (రంగు పోయిన కాయలు) పెరిగినట్టు కనిపిస్తుంది. ఈ రెండూ మీ చేతుల్లో లేనివి. ఆ వాక్యం తీసివేయించి, తూకం, నాణ్యత స్టఫింగ్ (కంటైనర్ నింపే) సమయంలో స్వతంత్ర తనిఖీ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం ప్రకారం తుది అని రాయించండి. తనిఖీ ఖర్చు మీరే భరించవలసి వచ్చినా వెనుకాడకండి. కొనుగోలుదారు ససేమిరా అంటే అది డీఏపీ (గమ్యం చేర్చేదాకా నష్టభయం అమ్మకందారుదే అన్న షరతు) తరహా బేరం అవుతుంది, అప్పుడు ధర కూడా ఆ నష్టభయానికి తగ్గట్టు పెరగాలి.

బీమా విషయంలో కూడా ఒక మాట. సీఐఎఫ్ కింద మీరు తీసుకోవలసిన కనీస బీమా ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ అనే సరుకు బీమా షరతుల్లోని "సి" రకం, మొత్తం ఇన్వాయిస్ విలువలో 110 శాతానికి. ఆ "సి" రకం చాలా ఇరుకైనది. అగ్నిప్రమాదం, ఓడ మునగడం, ఢీకొనడం వంటివాటికి ఇస్తుంది. 2025 మే నెలలో కేరళ తీరానికి ఆవల ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ 640 కంటైనర్లతో మునిగిపోయింది కదా, అలాంటిది జరిగితే "సి" పనికొస్తుంది. కానీ తుపాను అలలు కొట్టి డెక్ మీది కంటైనర్ ఒక్కటే సముద్రంలో పడితే ఇవ్వదు, దొంగతనానికి ఇవ్వదు, కంటైనర్‌లోకి సముద్రపు నీరు చేరి మిర్చి తడిసినా ఇవ్వదు. "ఏ" రకం వీటన్నిటికీ వర్తిస్తుంది. షరతు ప్రకారం మీరు "సి" ఇచ్చి ఊరుకోవచ్చు, కానీ మిర్చి వంటి సరుకుకు "ఏ" తీసుకోవడమే సబబు, మళ్లీ ఆర్డరు రావాలనుకునేవారికి మరీను. అయితే తేమ సరిగా ఆరకుండా కట్టిన సరుకు తనంతట తాను బూజు పడితే "ఏ" కూడా ఇవ్వదు. అది సరుకు స్వభావలోపం కిందికి వస్తుంది. కాబట్టి స్టఫింగ్‌కు ముందు తేమ శాతం కొలిపించి ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.

జనరల్ యావరేజ్ అనే మాట కూడా మీకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఓడను, అందులోని మొత్తం సరుకును కాపాడటానికి చేసిన త్యాగం, ఖర్చు ఓడ యజమాని, సరుకు యజమానులు అందరూ విలువను బట్టి పంచుకోవాలన్న పాత సముద్ర నియమం అది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ సూయజ్ కాలువలో ఇరుక్కున్నప్పుడు ఓడ యజమానులు దీన్నే ప్రకటించారు. సరుకు చెక్కుచెదరకపోయినా గ్యారంటీ ఇవ్వనిదే కంటైనర్ చేతికి రాని పరిస్థితి అది. బీమా ఉంటే ఆ గ్యారంటీ బీమా సంస్థ ఇస్తుంది, లేకుంటే సరుకు యజమాని నగదు డిపాజిట్ కట్టుకోవాలి.

జవాబు 2: చెన్నై_ఫార్వర్డింగ్

కాకినాడ వారు షరతుల గురించి చెప్పారు కాబట్టి నేను కొటేషన్‌లోని పద్దుల గురించి చెబుతాను. మాది నెల్లూరు, చెన్నైలో ఈ పనిలోనే ఉన్నాను.

టీహెచ్‌సీ అంటే టర్మినల్‌లో కంటైనర్‌ను దించి, యార్డులో పెట్టి, ఓడకు ఎక్కించే పనికి ఛార్జీ. ఇది రెండు రేవుల్లోనూ ఉంటుంది. సీఐఎఫ్‌లో చెన్నై టీహెచ్‌సీ మీది. పోర్ట్ క్లాంగ్ టీహెచ్‌సీ సాధారణంగా కొనుగోలుదారుది, మీరు లైన్‌తో, అంటే ఓడ సంస్థతో, కుదుర్చుకున్న కిరాయిలోనే అది కలిసి ఉంటే తప్ప. ఈ సంగతి కొటేషన్‌లో స్పష్టంగా రాయించుకోండి. బీఎల్ ఛార్జీ, సీల్, వీజీఎం కూడా మీ ఖాతాలోవే.

వీజీఎం అంటే సరుకుతో సహా కంటైనర్ ధ్రువీకృత బరువు. 2016 జులై 1 నుంచి సోలాస్ (సముద్రంలో ప్రాణభద్రత కోసం చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన ప్రకారం ఇది లేకుండా ఏ కంటైనర్‌నూ ఓడ ఎక్కించకూడదు. నిండిన కంటైనర్‌ను వేబ్రిడ్జిపై తూచి ఇవ్వవచ్చు, లేదా బస్తాలు, ప్యాలెట్ల బరువుకు కంటైనర్ తలుపు మీద రాసి ఉండే ఖాళీ బరువు కలిపి ఇవ్వవచ్చు. ఇది షిప్పర్‌గా, అంటే సరుకు పంపేవారిగా, మీ బాధ్యత, ఫార్వర్డర్‌ది కాదు. దీనికి, షిప్పింగ్ ఇన్‌స్ట్రక్షన్‌కు, గేటులోకి కంటైనర్ చేరడానికి విడివిడిగా కటాఫ్ సమయాలుంటాయి. వాటిలో ఏ ఒక్కటి తప్పినా కంటైనర్ తర్వాతి ఓడకు రోల్ ఓవర్ అవుతుంది. దాంతో బీఎల్ మీద పడే ఆన్ బోర్డ్ తేదీ మారుతుంది, ఆ తేదీ ఎల్‌సీలోని చివరి షిప్‌మెంట్ తేదీని దాటితే డబ్బు దగ్గర ఇబ్బంది వస్తుంది. గుంటూరులో లారీ ఒక పూట ఆలస్యంగా కదలడం ఇంతదాకా తీసుకువెళ్లగలదు.

డెమరేజ్, డిటెన్షన్ అనే రెండింటినీ చాలామంది ఒకే అర్థంలో వాడుతుంటారు. దిగుమతి రేవులో దిగిన నిండు కంటైనర్‌ను ఉచిత గడువు దాటాక కూడా టర్మినల్‌లోనే ఉంచితే పడేది డెమరేజ్. కంటైనర్‌ను బయటికి తీసుకువెళ్లి, ఖాళీ చేసి, గడువులోగా తిరిగి ఇవ్వకపోతే పడేది డిటెన్షన్. ఇవి లైన్ వసూలు చేసేవి. టర్మినల్ తన స్థలానికి తీసుకునే గ్రౌండ్ రెంట్ వీటికి అదనం. పోర్ట్ క్లాంగ్‌లో పడేవి కొనుగోలుదారువే అయినా, ఆయన సరుకు వదిలేసి వెళ్లిపోతే లైన్ చివరికి బీఎల్‌లో షిప్పర్‌గా ఉన్న మీ దగ్గరికే వస్తుందని గుర్తుంచుకోండి. అందుకే బుకింగ్ సమయంలోనే డెస్టినేషన్‌లో ఎక్కువ ఫ్రీ డేస్ అడగాలి. ఓడ కదిలాక అడిగితే ఎవరూ ఇవ్వరు. ఎగుమతి వైపు కూడా డిటెన్షన్ ఉంది: స్టఫింగ్ కోసం ఖాళీ కంటైనర్‌ను గుంటూరు తెచ్చుకుని, నింపి టర్మినల్‌కు చేర్చడంలో రోజులు దాటితే అది మీకు పడుతుంది.

ఇక అసలు విషయం. కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ రెండూ నిజానికి సరిగా అతకవు. కంటైనర్‌ను మీరు టర్మినల్‌కు అప్పగించేది ఓడ రావడానికి కొన్ని రోజుల ముందు. ఆ రోజుల్లో అక్కడ ఏం జరిగినా, తాళం మీ చేతిలో లేకపోయినా, ఓడ ఎక్కేదాకా నష్టం మీదే. వాణిజ్య మండలే తన వివరణల్లో కంటైనర్ సరుకుకు ఎఫ్‌ఓబీ బదులు ఎఫ్‌సీఏ, సీఐఎఫ్ బదులు సీఐపీ వాడమంటోంది. ఎఫ్‌సీఏలో, సీఐపీలో క్యారియర్‌కు (రవాణా సంస్థకు) అప్పగించిన చోటే మీ నష్టభయం తీరుతుంది. సీఐపీలో బీమా కూడా 2020 కూర్పు నుంచి "ఏ" రకమే ఉండాలి. ఆ అలవాటు ఇక్కడ రాలేదనుకోండి, కానీ మొదటిసారి చేస్తున్న మీరు మొదటి నుంచే సరిగా రాయించుకోవచ్చు. ఏ షరతు రాసినా పక్కన చోటు స్పష్టంగా ఉండాలి. ఊరికే చెన్నై అంటే చాలదు. చెన్నై పోర్టా, ఎన్నూరా, కాట్టుపల్లా, ఏ టర్మినల్ అన్నది కూడా రాయాలి.

ఇంకొకటి, మీరు ఏ షరతు మీద అమ్మినా షిప్పింగ్ బిల్లులో (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రంలో) కిరాయి, బీమా తీసివేసిన ఎఫ్‌ఓబీ విలువ వేరుగా చూపాలి. రోడ్‌టెప్ (ఎగుమతి సరుకు మీద పడిన పన్నులు తిరిగి ఇచ్చే పథకం) వంటి రాయితీలకు ఆ విలువే ఆధారం.

జవాబు 3: విశ్రాంత_బ్యాంకరు

నేను ఉద్యోగంలో ఉండగా చాలా ఏళ్లు ఎల్‌సీ పత్రాల పరిశీలన చేశాను. టెలెక్స్ రిలీజ్ గురించి అడిగారు కాబట్టి ముందు దానికే జవాబు: ఎల్‌సీలో మూడు ఒరిజినల్ బీఎల్‌లు అడిగి ఉండగా దయచేసి టెలెక్స్ రిలీజ్ చేయవద్దు.

బిల్ ఆఫ్ లేడింగ్ కేవలం రసీదు కాదు. అది రవాణా ఒప్పందానికి సాక్ష్యం, సరుకు మీద హక్కును చేతులు మార్చే పత్రం కూడా. మన దేశంలో దీనికి 1856 నాటి చట్టం ఉండేది, దాని స్థానంలో 2025లో కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం వచ్చింది. సాధారణంగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు, వాటిలో ఏ ఒక్కటి చూపినా సరుకు ఇచ్చేస్తారు, మిగిలిన రెండూ చెల్లకుండా పోతాయి. టెలెక్స్ రిలీజ్ అంటే మీరు ఆ ఒరిజినల్స్‌ను చెన్నైలోనే లైన్‌కు తిరిగి ఇచ్చేసి, అక్కడ పత్రం చూడకుండానే సరుకు ఇవ్వమని చెప్పడం. అప్పుడు బ్యాంకుకు ఇవ్వడానికి మీ దగ్గర ఒరిజినల్స్ ఉండవు, ఎల్‌సీ కింద డబ్బు రాదు, సరుకు మాత్రం ఆయన గోదాముకు చేరిపోతుంది. డబ్బు పూర్తిగా ముందే అందినప్పుడు, లేదా ఏళ్ల తరబడి నమ్మకం ఉన్నచోట టెలెక్స్ రిలీజ్ మంచి సౌకర్యమే. సీ వేబిల్ కూడా అంతే, దానికి హక్కు పత్రం లక్షణమే లేదు. ఒరిజినల్ బీఎల్‌లు అడిగిన ఎల్‌సీలో ఈ రెండింటికీ చోటు లేదు. చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్‌కు ప్రయాణం దగ్గరిదే కాబట్టి పత్రాలకన్నా ముందే ఓడ చేరవచ్చు, ఆయన తొందర నాకు అర్థమవుతోంది. దానికి మార్గం మీరు ఓడ కదిలిన వెంటనే పత్రాలు బ్యాంకులో ఇవ్వడం, అవసరమైతే ఆయన తన బ్యాంకు నుంచి షిప్పింగ్ గ్యారంటీ (ఒరిజినల్ బీఎల్ తర్వాత ఇస్తామన్న హామీ) తీసుకుని సరుకు విడిపించుకోవడం.

ఎల్‌సీలు దాదాపు అన్నీ 2007 జులై నుంచి యూసీపీ 600 అనే, వాణిజ్య మండలి చేసిన నియమాల మీద నడుస్తున్నాయి. బ్యాంకు చూసేది పత్రాలనే, సరుకును కాదు. ఎల్‌సీలో వేరే గడువు రాయకపోతే షిప్‌మెంట్ తేదీ నుంచి 21 రోజుల్లోగా, అదీ ఎల్‌సీ గడువు తీరకముందే, పత్రాలు సమర్పించాలి. పరిశీలనకు బ్యాంకుకు ఐదు పని దినాలు. బీఎల్ మీద సరుకు ఓడ ఎక్కినట్టు ఆన్ బోర్డ్ నమోదు ఉండాలి. సరుకు అందింది అని మాత్రమే రాసి ఉంటే చాలదు. బీఎల్ క్లీన్‌గా ఉండాలి, అంటే బస్తాలు చిరిగాయనో తడిసాయనో రాసి ఉండకూడదు. షిప్పరే నింపి లెక్కపెట్టినది అన్న వాక్యం ఉంటే మాత్రం భయపడనక్కరలేదు, యూసీపీ దాన్ని అంగీకరిస్తుంది.

మీ ఎల్‌సీలో నాకు కనిపిస్తున్న చిక్కు 1,000 బస్తాలు అన్న అంకె. పరిమాణం టన్నుల్లో మాత్రమే రాసి ఉంటే, ఎల్‌సీ మొత్తం దాటనంత వరకు, 5 శాతం హెచ్చుతగ్గులకు యూసీపీ వీలిస్తుంది. బస్తాల సంఖ్య రాస్తే ఆ వెసులుబాటు పోతుంది. చివర్లో 988 బస్తాలే పట్టాయనుకోండి, అది డిస్క్రిపెన్సీ (ఎల్‌సీకి, పత్రాలకు పొంతన కుదరకపోవడం) అవుతుంది, ఇక డబ్బు ఇవ్వడం ఇవ్వకపోవడం కొనుగోలుదారు దయ మీద ఆధారపడుతుంది. ఎల్‌సీ తెరవకముందే ఆ అంకెకు ముందు సుమారు అన్న అర్థం వచ్చే మాట వేయించండి, అప్పుడు 10 శాతం దాకా వెసులుబాటు వస్తుంది.

యార్డు_గుంటూరు:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తుది లెక్క వాక్యం, బస్తాల అంకె రెండూ మార్చమని ఈ రోజే రాస్తాను. ఎఫ్‌సీఏ లేదా సీఐపీ అంటే ఆన్ బోర్డ్ బీఎల్ రాదేమో, అప్పుడు ఎల్‌సీ ఎలా అన్న అనుమానం మాత్రం మిగిలింది.

దీనితో పాటు న్యూజెర్సీలోని ఒక కిరాణా పంపిణీదారు కారం పొడి పెట్టెలు 50 నమూనాగా అడిగారు. ఒక్కో పెట్టె 60×40×40 సెంటీమీటర్లు, బరువు 25 కిలోలు. మొత్తం బరువు టన్నుం పావు అయితే, ఎల్‌సీఎల్ కొటేషన్‌లో 4.8 అన్న అంకెకు కిరాయి వేశారు. ఈ లెక్క సరైనదేనా? ధర డీడీపీలో ఇవ్వమని కూడా అంటున్నారు.

జవాబు 4: న్యూజెర్సీ_దిగుమతి

నమస్తే అండీ. మాది తెనాలి, ఇక్కడ కిరాణా దిగుమతి చేస్తుంటాను. ఆ లెక్క సరైనదే. ఎల్‌సీఎల్ అంటే పలువురి సరుకు ఒకే కంటైనర్‌లో కలిపి పంపడం, కిరాయి టన్నుకో ఘనపు మీటరుకో, ఏది ఎక్కువైతే దానికి. మీ పెట్టె 0.096 ఘనపు మీటర్లు, 50 పెట్టెలకు 4.8 వచ్చింది. అదే పెట్టెను విమానంలో పంపితే ఘనపరిమాణాన్ని 6,000తో భాగిస్తారు. 16 కిలోలే వస్తుంది కాబట్టి అసలు బరువు 25 కిలోలకే కిరాయి పడుతుంది. సముద్రంలో పంపేటప్పుడు మీరు చోటుకు డబ్బు కడుతున్నారు, అందుకే పెట్టెలో ఖాళీ లేకుండా సర్దించడం మీకు నేరుగా ఆదా.

ఎల్‌సీఎల్‌లో కొందరు మీ వైపు కిరాయి చాలా తక్కువగా చెప్పి, ఇక్కడ గోదాములో దించినందుకు, పత్రాలకు అంటూ దిగుమతిదారు దగ్గర పెద్ద మొత్తాలు తీసుకుంటారు. ఆ బిల్లు చూసిన కొనుగోలుదారు మళ్లీ మీ దగ్గర కొనడు. రెండు వైపుల ఛార్జీలూ ముందే రాతపూర్వకంగా తెప్పించి ఆయనకు చూపించండి.

డీడీపీకి మాత్రం దయచేసి ఒప్పుకోవద్దు. అంటే అమెరికా సుంకం, క్లియరెన్స్ అన్నీ మీవే, సుంకం రేటు మధ్యలో మారితే ఆ తేడా కూడా మీదే. ఇక్కడి కస్టమ్స్‌కు ఐఎస్‌ఎఫ్ అనే సమాచారం సరుకు అక్కడ ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అందాలి, అందకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా దిగుమతిదారు మీద పడుతుంది. ఆహార పదార్థం కనుక మీ కారం మిల్లు ఎఫ్‌డీఏ (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) దగ్గర నమోదై ఉండాలి, సరుకు చేరకముందే ప్రయర్ నోటీసు (ముందస్తు సమాచారం) వెళ్లాలి. దిగుమతిదారు తన దేశంలో చేయవలసిన పని ఆయననే చేయనివ్వండి; మీరు మీ మిల్లు నమోదు చూసుకుని, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు వివరాలు ఆయనకు సకాలంలో పంపండి.

జవాబు 5: కాకినాడ_ఎగుమతులు

న్యూజెర్సీ వారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇక ఆన్ బోర్డ్ బీఎల్ అనుమానం. సీఐపీలో ఓడ బుకింగ్ మీదే కాబట్టి ఎల్‌సీ కోరే ఆన్ బోర్డ్ బీఎల్‌ను లైన్ నుంచి మీరే తీసుకోవచ్చు. ఓడ ఎక్కేదాకా ఆగవలసింది పత్రం కోసమే, నష్టభయం మాత్రం అప్పగించినప్పుడే చేతులు మారిపోయి ఉంటుంది. ఎఫ్‌సీఏలో బుకింగ్ కొనుగోలుదారుది కనుక ఈ చిక్కు నిజంగానే ఉండేది. అందుకే 2020 కూర్పులో, ఇద్దరూ ఒప్పుకుంటే, మీకు ఆన్ బోర్డ్ బీఎల్ ఇవ్వమని కొనుగోలుదారు తన క్యారియర్‌కు చెప్పాలన్న ఏర్పాటు చేర్చారు. అది ఒప్పందంలో రాస్తేనే వర్తిస్తుంది.

మీరు ఆయనకు పంపే సవరణలో ఇలా రాయండి: "ధర సీఐపీ పోర్ట్ క్లాంగ్, ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం. చెన్నైలో ఫలానా టర్మినల్ గేటు వద్ద కంటైనర్‌ను క్యారియర్‌కు అప్పగించడంతో నష్టభయం కొనుగోలుదారుకు మారుతుంది. తూకం, నాణ్యత స్టఫింగ్ సమయంలో ఇరువురూ అంగీకరించిన తనిఖీ సంస్థ ధ్రువపత్రం ప్రకారం తుది. గమ్యస్థానంలో టీహెచ్‌సీ, డెమరేజ్, డిటెన్షన్ కొనుగోలుదారు ఖాతా." సీఐఎఫే కావాలని ఆయన పట్టుబడితే మొదటి రెండు వాక్యాలు మార్చి, మిగిలిన రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. ఒప్పందంలో షరతు మారితే ఎల్‌సీలోనూ, ఇన్వాయిస్‌లోనూ అదే షరతు, అదే చోటు, అదే కూర్పు సంవత్సరం పడేలా చూడండి. ఎల్‌సీ తెరిచాక దాని ప్రతి మీకు వస్తుంది. సరుకు నొక్కి కట్టడం మొదలుపెట్టకముందే దాన్ని మీ బ్యాంకులో, ఫార్వర్డర్ దగ్గర చదివించండి.